మూత్రపిండ మార్పిడి చరిత్రలో మూత్రాశయం స్థానం

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:
- మూత్ర వ్యవస్థ కింది భాగంలో లోపాలున్న రోగులను తొలి రోజుల్లో మూత్రపిండ మార్పిడికి అనర్హులుగా ఎందుకు భావించారు;
- ఆ అభిప్రాయం 1966 నుంచి 1982 వరకు ఏ దశల్లో మారింది;
- ఒక వైద్య నియమం మారడంలో మందులతో పాటు కొలతకు, రోగి స్వయంగా చేసుకునే పనికి ఎంత పాత్ర ఉంది.

1. ఉపోద్ఘాతం

మూత్రపిండ మార్పిడి చరిత్రను సాధారణంగా రెండు సమస్యల చరిత్రగా చెబుతారు. మొదటిది రక్తనాళాలను కుట్టే సమస్య. దీనికి మార్గం చూపిన అలెక్సీ కారెల్‌కు 1912లో నోబెల్ బహుమతి లభించింది. రెండవది శరీరం పరాయి అవయవాన్ని తిరస్కరించే సమస్య. 1954 డిసెంబర్ 23న అమెరికాలోని బోస్టన్ నగరంలో జోసెఫ్ ముర్రే బృందం ఏకరూప కవలల మధ్య మార్పిడి చేసి ఈ సమస్యను తప్పించుకుంది. 1960 దశకం ఆరంభంలో అజాథయోప్రిన్, ఆ తరువాత సైక్లోస్పోరిన్ వంటి మందులు కవలలు కానివారికి కూడా ఈ చికిత్సను అందుబాటులోకి తెచ్చాయి. ముర్రేకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథనం సరైనదే. కానీ ఇందులో ఒక ప్రశ్న కనిపించదు. కొత్త మూత్రపిండం పని మొదలుపెట్టగానే మూత్రం తయారవుతుంది. ఆ మూత్రం ఎక్కడికి పోవాలి? బోస్టన్ కవలల్లో మూత్రపిండాన్ని స్వీకరించిన సోదరుడి మూత్రాశయం ఆరోగ్యంగా ఉంది. కాబట్టి అక్కడ ఈ ప్రశ్న తలెత్తలేదు. మూత్రాశయమే చెడిపోయిన రోగి విషయంలో మాత్రం ఇదే మొదటి ప్రశ్న. అతని సొంత మూత్రపిండాలు రెండూ పాడవడానికి కారణం ఆ మూత్రాశయమే. దాత ఇచ్చిన మూడవ మూత్రపిండాన్ని దానికే కలిపితే అదీ పాడవదని నమ్మకం ఏమిటి? ఈ ప్రశ్నకు వైద్యులు సమాధానం వెతికిన తీరే ఈ పాఠంలోని విషయం.

2. మూత్ర వ్యవస్థ కింది భాగం, దాని లోపాలు

చర్చకు ముందు శరీర నిర్మాణాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. మూత్రపిండాలు, వాటి నుంచి దిగే మూత్రనాళాలు పై భాగం. మూత్రాశయం, దాన్ని మూసి ఉంచే కండరాలు, మూత్రం బయటికి వచ్చే మార్గమైన ప్రసేకం కింది భాగం. పెద్దవారి మూత్రాశయంలో సుమారు 400 నుంచి 500 మిల్లీలీటర్ల మూత్రం పడుతుంది. ఆరోగ్యకరమైన మూత్రాశయం తోలు తిత్తిలా నిండే కొద్దీ సాగుతుంది. లోపలి పీడనం మాత్రం పెద్దగా పెరగదు. ఈ ఒక్క గుణం మీదే మూత్రపిండాల క్షేమం ఆధారపడి ఉంటుంది.

ఈ గుణం కోల్పోవడానికి అనేక కారణాలున్నాయి. కొందరు మగ శిశువులకు పుట్టుకతోనే ప్రసేకం వెనుక భాగంలో పొరల వంటి కవాటాలు ఏర్పడి మూత్రానికి అడ్డుపడతాయి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్, ఆయన సహచరులు 1919లో వీటిని రకాలుగా విభజించి వివరించారు. స్పైనా బిఫిడా అనే స్థితిలో గర్భంలోనే వెన్నెముక సరిగా మూసుకోదు. అందువల్ల మూత్రాశయానికి వెళ్లే నరాలు పనిచేయవు. కొందరు పిల్లలు మూత్రాశయం పొట్ట గోడ మీద బయటికి తెరుచుకుని పుడతారు. పెద్దవారిలో వెన్నుపాము గాయం, క్షయ, కొన్ని దేశాల్లో బిల్హార్జియా అనే పరాన్నజీవి వ్యాధి మూత్రాశయాన్ని దెబ్బతీస్తాయి.

కారణాలు వేరైనా ఫలితం ఒకే విధంగా ఉంటుంది. మూత్రాశయం గట్టిపడి, చిన్నదై, లోపలి పీడనం పెరుగుతుంది. పైనుంచి మూత్రం దిగడం కష్టమవుతుంది. కొందరిలో అది వెనక్కి ఎగదన్నుతుంది. నిలిచిన మూత్రంలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. క్రమంగా మూత్రపిండాలు పాడవుతాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి గురించి మీరు విని ఉంటారు. అది మూత్రపిండంలోనే మొదలయ్యే వ్యాధి. మధుమేహం వల్ల వచ్చే నష్టం కూడా మూత్రపిండంలోనే జరుగుతుంది. మనం ఇక్కడ చర్చించేది కింద మొదలై పైకి పాకే వ్యాధి. ఈ తేడాను గుర్తుంచుకోవాలి. మొదటి రకం రోగికి కొత్త మూత్రపిండం చాలావరకు పరిష్కారమవుతుంది. రెండవ రకం రోగికి అది సగం పరిష్కారమే.

3. తొలి దశ: అనర్హుల జాబితా

1960లో సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ రూపొందించిన గొట్టం అమరిక వల్ల ఒకే రోగికి పదేపదే డయాలిసిస్ చేయడం సాధ్యమైంది. అయితే యంత్రాలు కొన్నే, రోగులు చాలామంది. ఎవరికి చికిత్స అందించాలో నిర్ణయించడానికి అక్కడ పౌరులతో ఒక సంఘాన్ని ఏర్పాటు చేశారు. 1962లో లైఫ్ పత్రిక ఈ సంఘం గురించి రాసినప్పుడు పెద్ద చర్చ జరిగింది. మనిషి విలువను తూచి చికిత్స ఇవ్వడం న్యాయమా అని ప్రజలు ప్రశ్నించారు.

అదే కాలంలో మరో రకమైన ఎంపిక పెద్ద చర్చ లేకుండానే జరిగిపోయింది. మూత్ర వ్యవస్థ కింది భాగంలో లోపం ఉన్నవారిని మార్పిడి కేంద్రాలు సాధారణంగా అనర్హులుగా పరిగణించేవి. ఇది సామాజిక నిర్ణయంలా కాక వైద్య నిర్ణయంలా కనిపించింది కాబట్టి ప్రశ్నించినవారు తక్కువ.

ఆనాటి వైద్యుల తర్కాన్ని తేలికగా తీసిపారేయకూడదు. తిరస్కరణను ఆపడానికి స్టెరాయిడ్లను పెద్ద మోతాదుల్లో ఇచ్చేవారు. వాటివల్ల రోగనిరోధక శక్తి బాగా తగ్గేది. అలాంటి రోగి మూత్రాశయంలో క్రిములు నిలిచి ఉంటే అవి రక్తంలోకి చేరి ప్రాణం తీసే అవకాశం ఉండేది. దాత మూత్రపిండాలు అరుదు. వాటిని ఫలితం వచ్చేచోటే వాడాలనుకోవడం సహజం.

కానీ ఈ తర్కంలో ఒక చిక్కు ఉంది. అనుభవం లేదు కాబట్టి శస్త్రచికిత్స చేయలేదు. శస్త్రచికిత్స చేయలేదు కాబట్టి అనుభవం రాలేదు. ఈ వలయంలో చిక్కుకున్నవారిలో పిల్లలు ఎక్కువ. ఎందుకంటే పుట్టుకతో వచ్చే మూత్ర మార్గ లోపాల వల్ల మూత్రపిండాలు పాడయ్యేవారి వాటా పెద్దవారిలో కంటే పిల్లల్లో ఎక్కువ.

4. మూత్రాశయాన్ని దాటవేసిన మార్గం

వలయాన్ని ఛేదించిన మొదటి ఆలోచన మూత్రాశయాన్ని పూర్తిగా పక్కన పెట్టడం. మూత్రాన్ని పేగులోకి మళ్లించే ప్రయత్నం పాతదే. లండన్ శస్త్రవైద్యుడు జాన్ సైమన్ మూత్రాశయం బయటికి తెరుచుకుని పుట్టిన ఒక రోగికి మూత్రనాళాలను పెద్దపేగు చివరి భాగానికి కలిపిన వివరాలను 1852లో ప్రకటించాడు. ఆ రోగి ఎక్కువ కాలం బతకలేదు. తరువాతి వైద్యులు ఈ పద్ధతిని మెరుగుపరిచారు. అయినా మలం, మూత్రం ఒకేచోట కలవడం వల్ల క్రిములు పైకి పాకేవి. పేగు మూత్రంలోని లవణాలను తిరిగి పీల్చుకోవడం వల్ల రక్తంలో ఆమ్లత పెరిగేది.

1950లో అమెరికా శస్త్రవైద్యుడు యూజీన్ బ్రికర్ ప్రకటించిన పద్ధతి ఈ చిక్కులను చాలావరకు తగ్గించింది. చిన్నపేగు చివరి నుంచి ఒక చిన్న ముక్కను రక్తప్రసరణ తెగకుండా వేరుచేస్తారు. మూత్రనాళాలను దానికి కలిపి, దాని రెండవ చివరను పొట్ట మీద తెరుస్తారు. మూత్రం అక్కడ తగిలించిన సంచిలోకి చేరుతుంది. ఈ పేగు ముక్క నిల్వ చేసే పాత్ర కాదు, ప్రవహించే కాలువ. అందువల్ల దానిలో పీడనం పెరగదు.

1966లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం కెల్లీ, ఆయన సహచరులు ఈ కాలువకు మార్పిడి చేసిన మూత్రపిండాన్ని కలిపిన అనుభవాన్ని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అదే సంవత్సరం డిసెంబర్‌లో కెల్లీ, రిచర్డ్ లిల్లెహై కలిసి తొలి క్లోమ మార్పిడి చేశారు. చరిత్ర పుస్తకాల్లో కెల్లీ పేరు ఎక్కువగా దానితోనే కనిపిస్తుంది. మన చర్చకు మాత్రం ఆయన మొదటి పనే ముఖ్యం. మంచి మూత్రాశయం లేనివారిలో కూడా మార్పిడి చేసిన మూత్రపిండం బతకగలదని అది చూపింది. "ఈ రోగికి మార్పిడి కుదరదు" అనే మాట ఇక అంత సులభంగా చెప్పడానికి వీలు లేకపోయింది.

అయితే ఈ విజయానికి మూల్యం ఉంది. పొట్ట మీద సంచితో బతకడం ఎదిగే పిల్లలకు భారం. ఏళ్లు గడిచేకొద్దీ తెరిచిన ద్వారం ఇరుకవడం, రాళ్లు ఏర్పడటం, క్రిములు చేరడం వంటి ఇబ్బందులు కనిపించాయి. 1970 దశకంలో బోస్టన్ శస్త్రవైద్యుడు డబ్ల్యూ. హార్డీ హెండ్రెన్ ఇలా మళ్లించిన మార్గాలను తిరిగి మూత్రాశయానికి కలిపే శస్త్రచికిత్సలను ప్రకటించాడు. మూత్రాశయాన్ని పక్కన పెట్టడం కంటే బాగుచేయడం మేలన్న ఆలోచన బలపడింది.

5. పరిశుభ్రమైన గొట్టం

బాగుచేయాలంటే ముందు ఒక సాధారణమైన సమస్య తీరాలి. తనంతట తాను ఖాళీ కాలేని మూత్రాశయాన్ని ఎలా ఖాళీ చేయాలి? గొట్టాన్ని ఎప్పుడూ లోపలే ఉంచితే క్రిములు దాన్ని పట్టుకుని పెరుగుతాయి.

ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944 నుంచి వెన్నుపాము గాయాల విభాగాన్ని నడిపిన లుడ్విగ్ గుట్‌మన్ ఒక మార్గం చూపాడు. కొన్ని గంటలకు ఒకసారి గొట్టం వేసి, మూత్రం తీసి, గొట్టాన్ని వెంటనే తీసివేయాలి. కానీ ఆయన పద్ధతిలో ప్రతిసారీ పూర్తి క్రిమిరహిత పరిస్థితులు ఉండాలి, శిక్షణ పొందినవారే చేయాలి. ఆసుపత్రిలో ఇది వీలవుతుంది. ఇంట్లో, బడిలో, పొలంలో ఎలా?

1972లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ లాపిడెస్, ఆయన సహచరులు ఇచ్చిన సమాధానం చాలామంది వైద్యులను ఆశ్చర్యపరిచింది. గొట్టం క్రిమిరహితంగా లేకపోయినా ఫరవాలేదు, శుభ్రంగా ఉంటే చాలు. రోగి చేతులు కడుక్కుని తనే వేసుకోవచ్చు. మూత్రాశయం అతిగా నిండి సాగినప్పుడు దాని గోడకు రక్తప్రసరణ తగ్గుతుందని, క్రిములు పట్టుకోవడానికి అదే ముఖ్య కారణమని లాపిడెస్ వాదించాడు. కాబట్టి గొట్టంతో పాటు వచ్చే కొద్ది క్రిముల కంటే సమయానికి ఖాళీ చేయకపోవడమే ఎక్కువ ప్రమాదం. తరువాతి అనుభవం ఈ పద్ధతిని నిలబెట్టింది.

ఇందులోని చారిత్రక ప్రాముఖ్యాన్ని గమనించండి. ఇక్కడ కొత్త యంత్రం లేదు, ఖరీదైన మందు లేదు. ఆసుపత్రి చేతిలో ఉన్న పని రోగి చేతిలోకి వచ్చింది, అంతే. మూత్ర వ్యవస్థ కింది భాగంలో లోపాలున్నవారికి మార్పిడి దారి తెరిచిన అంశాల్లో దీనికి పెద్ద స్థానం ఇవ్వాలి.

6. పీడనాన్ని కొలవడం

రెండవ మార్పు కొలత ద్వారా వచ్చింది. మూత్రాశయంలోని పీడనాన్ని కొలిచే పరికరాలు 1920 దశకం నాటికే ఉన్నాయి. కానీ ఏ స్థాయి దాటితే ప్రమాదమో స్పష్టంగా తెలియదు. 1981లో ఎడ్వర్డ్ మెక్‌గ్వైర్, ఆయన సహచరులు స్పైనా బిఫిడా వంటి వెన్నుపాము లోపాలున్న రోగులను పరిశీలించి ఒక గీత గీశారు. మూత్రం కారడం మొదలయ్యే సమయంలో మూత్రాశయం లోపలి పీడనం 40 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు మించి ఉన్నవారిలో పై భాగం దెబ్బతినే ప్రమాదం చాలా ఎక్కువ అని తేల్చారు.

ఈ సంఖ్య వైద్యుల ప్రశ్ననే మార్చింది. అంతకు ముందు ప్రశ్న "ఈ రోగికి మూత్రాశయ లోపం ఉందా?" దానికి జవాబు ఉంది లేదా లేదు అనే. ఇప్పుడు ప్రశ్న "ఈ మూత్రాశయంలో ఎంత పడుతుంది, ఎంత పీడనంలో పడుతుంది, ఎలా ఖాళీ అవుతుంది?" ఈ మూడింటినీ కొలవవచ్చు. కొలవగలిగినవాటిని మార్చడానికి ప్రయత్నించవచ్చు. మూత్రాశయ కండరాన్ని సడలించే ఆక్సిబ్యుటినిన్ వంటి మందులు అప్పటికే వాడుకలో ఉన్నాయి.

కవాటాలున్న మగపిల్లల విషయంలో కూడా ఈ కొలతలు ఒక పాత భ్రమను తొలగించాయి. అడ్డుపడే పొరను తొలగిస్తే సమస్య తీరినట్టే అనుకునేవారు. కానీ గర్భంలో నెలల తరబడి అడ్డంకిని ఎదుర్కొన్న మూత్రాశయం అడ్డు తొలగిన తరువాత కూడా గట్టిగానే ఉండిపోవచ్చు. అమెరికా శస్త్రవైద్యుడు మైకేల్ మిచెల్ 1980 దశకం ఆరంభంలో ఈ స్థితిని ప్రత్యేకంగా గుర్తించి, దానికి "కవాట మూత్రాశయం" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

7. మూత్రాశయాన్ని పెద్దది చేయడం

మందులతో పీడనం తగ్గకపోతే పేగు ముక్కను చీల్చి, పరిచి, మూత్రాశయానికి అతుకుగా కుట్టి దాన్ని పెద్దది చేయవచ్చు. ఈ ఆలోచనకు 19వ శతాబ్దం చివరి నుంచే చరిత్ర ఉంది. కానీ అలా పెద్దదైన మూత్రాశయం సొంతంగా సరిగా ఖాళీ కాదు. అందుకే లాపిడెస్ పద్ధతి వచ్చేవరకు దీనికి విస్తృత ఉపయోగం లేకపోయింది. రెండు వేర్వేరు ఆవిష్కరణలు ఒకదానికొకటి ఎలా అవసరమయ్యాయో ఇక్కడ చూడవచ్చు.

ప్రసేకం ద్వారా గొట్టం వేసుకోలేని పిల్లలకు ఫ్రాన్స్‌లోని రువాఁ నగర శస్త్రవైద్యుడు పాల్ మిత్రోఫనోఫ్ 1980లో మరో దారి చూపాడు. అపెండిక్స్‌ను సన్నని మార్గంగా వాడి మూత్రాశయాన్ని పొట్ట మీదికి కలిపాడు. దాని గుండా గొట్టం వేసి మూత్రం తీయవచ్చు. మిగతా సమయంలో అది మూసుకుని ఉంటుంది, సంచి అక్కర్లేదు.

1982లో జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన ఫ్రే మార్షల్, ఆయన సహచరులు పుట్టుకతో మూత్ర మార్గ లోపాలున్న రోగులను మార్పిడికి ముందు ఎలా పరీక్షించాలి, ఎలా సిద్ధం చేయాలి అనే విషయంపై తమ అనుభవాన్ని ప్రచురించారు. పేగుతో పెద్దది చేసిన మూత్రాశయానికి మార్పిడి మూత్రపిండాన్ని కలపడం గురించిన తొలి నివేదికల్లో దీన్ని పేర్కొంటారు. 1980, 1981, 1982: వరుసగా మూడు సంవత్సరాల్లో మార్గం, కొలత, కలయిక సమకూరాయి. 1983లో అమెరికాలో సైక్లోస్పోరిన్‌కు అనుమతి లభించింది. ఆ మందు తిరస్కరణను తగ్గించగలదు; మూత్రాశయ పీడనాన్ని తగ్గించలేదు. అందుకే ఈ రెండు చరిత్రలను కలిపి చదవాలి.

పేగు అతుకుకు దాని లోపాలు దానికున్నాయి. అది జిగురును స్రవిస్తుంది, రాళ్లకు అవకాశం ఇస్తుంది, రక్తంలో ఆమ్లతను పెంచుతుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ఈ ఆమ్లత మరింత ప్రమాదం. దీనికి ప్రత్యామ్నాయంగా 1980 దశకంలో జీర్ణాశయం ముక్కను వాడారు. కానీ అది స్రవించే ఆమ్లం వల్ల మూత్రంలో మంట, రక్తం కనిపించాయి. 1990 దశకంలో ఉబ్బిన పాత మూత్రనాళాన్నే అతుకుగా వాడే పద్ధతి వచ్చింది. ప్రతి పరిష్కారం ఒక కొత్త సమస్యను తెచ్చింది. దాన్ని అదుపులో పెట్టడమే తరువాతి పని అయింది.

మరో పాఠం ఊహకు వ్యతిరేకంగా వచ్చింది. ఏళ్ల తరబడి డయాలిసిస్ మీద ఉండి మూత్రం రాని రోగి మూత్రాశయం ముడుచుకుని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అలాంటి వాటిలో అనేకం వ్యాధిగ్రస్తమైనవి కావు, వాడుక లేనివి మాత్రమే. మార్పిడి తరువాత మూత్రం రావడం మొదలైతే కొన్ని వారాల నుంచి నెలల్లో మళ్లీ సాగుతాయి. కాబట్టి చిన్నదిగా కనిపించిన ప్రతి మూత్రాశయానికీ పేగు అతుకు అవసరం లేదు.

8. ఈజిప్టు, భారతదేశం

ఈ చరిత్ర అమెరికా, ఐరోపాలకే పరిమితం కాదు. నైలు నది లోయలో బిల్హార్జియా శతాబ్దాలుగా మూత్రాశయాలను దెబ్బతీసింది. దానికి కారణమైన పురుగును థియొడోర్ బిల్హార్జ్ 1851లో కైరోలోనే గుర్తించాడు. ఈజిప్టులో తొలి మూత్రపిండ మార్పిడి 1976లో మన్సూరా నగరంలో మొహమ్మద్ ఘోనైమ్ నాయకత్వంలో జరిగింది. అక్కడి వైద్యులకు దెబ్బతిన్న మూత్రాశయం నిత్యం ఎదురయ్యే సమస్య.

మన దేశంలో జీవించి ఉన్న దాత నుంచి విజయవంతమైన తొలి మార్పిడి 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగింది. చిత్తూరు సరిహద్దుకు దగ్గరగా ఉండే ఈ ఆసుపత్రి తెలుగు ప్రాంతాల రోగులకు చిరపరిచితం. 1994లో కేంద్ర ప్రభుత్వం మానవ అవయవాల మార్పిడి చట్టాన్ని తెచ్చింది. మన దేశంలో క్షయ వల్ల ముడుచుకుపోయిన మూత్రాశయం కూడా వైద్యులు గుర్తుంచుకోవలసిన కారణం.

మనదేశ పరిస్థితిలో మరొక విషయం ఉంది. ఇక్కడ జరిగే మార్పిడుల్లో అధిక భాగం జీవించి ఉన్న దాతలవే. తరచుగా ఆ దాత తల్లి. దీనివల్ల శస్త్రచికిత్స తేదీని ముందే నిర్ణయించుకుని మూత్రాశయాన్ని సిద్ధం చేసే అవకాశం ఉంటుంది. అలా సిద్ధం చేయకపోతే నష్టం ఇద్దరిది. బిడ్డ మళ్లీ డయాలిసిస్‌కు వెళ్తాడు, తల్లి ఒక మూత్రపిండంతో మిగులుతుంది.

9. నేటి స్థితి

సరిగా పరీక్షించి, సిద్ధం చేసిన రోగుల్లో మార్పిడి ఫలితాలు ఇతర రోగుల ఫలితాలకు దగ్గరగా ఉంటున్నాయని అనేక కేంద్రాల అనుభవం చెబుతోంది. మూత్రంలో క్రిముల బాధ మాత్రం వీరిలో ఎక్కువ. జీవితాంతం పర్యవేక్షణ తప్పదు.

ఫలితం శస్త్రవైద్యుడి నేర్పుతో పాటు రోజూ నాలుగైదుసార్లు గొట్టం వేసుకునే రోగి క్రమశిక్షణ మీద ఆధారపడుతుంది. క్రమశిక్షణకు వసతి కావాలి. బడిలో తలుపుకు గడియ, కుళాయిలో నీళ్లు లేకపోతే పన్నెండేళ్ల అమ్మాయి మధ్యాహ్నం గొట్టం వేసుకోవడం మానేస్తుంది. ఆ కారణంతో మూత్రపిండం పాడైతే ఆ వైఫల్యాన్ని ఆమె పేరు మీద రాయడం న్యాయం కాదు. ఆరోగ్య కార్యకర్తలుగా, ఉపాధ్యాయులుగా పనిచేసే మీలో చాలామందికి ఈ విషయం నేరుగా సంబంధించినది.

నివారణ మరింత మేలు. గర్భధారణకు ముందు నుంచి ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే స్పైనా బిఫిడా వంటి లోపాలు గణనీయంగా తగ్గుతాయని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం నిరూపించింది. గర్భస్థ శిశువుకు చేసే స్కానింగ్‌లో ఉబ్బిన మూత్రాశయం కనిపిస్తే పుట్టిన వెంటనే కవాటాలకు చికిత్స చేయవచ్చు.

10. సారాంశం

మూత్ర వ్యవస్థ కింది భాగంలో లోపాలున్నవారు ఒకప్పుడు మూత్రపిండ మార్పిడికి అనర్హులు. 1966లో పేగు కాలువతో ఆ నియమానికి మొదటి మినహాయింపు వచ్చింది. 1972లో రోగి స్వయంగా వేసుకునే పరిశుభ్రమైన గొట్టం, 1981లో పీడనానికి గీసిన గీత, 1982లో పెద్దది చేసిన మూత్రాశయానికి మార్పిడి ఆ నియమాన్నే మార్చాయి. అనర్హత రోగిలో ఉందనుకున్న చోట, అది తగిన సన్నాహం లేకపోవడంలో ఉందని తేలింది. తక్కువ పీడనంలో తగినంత మూత్రాన్ని నిలుపుకోవాలి, సమయానికి పూర్తిగా ఖాళీ కావాలి. ఈ రెండూ సాధ్యమైతే మూత్రాశయం పుట్టుకతో వచ్చినదైనా, శస్త్రవైద్యుడు కుట్టినదైనా కొత్త మూత్రపిండానికి చోటు ఉంటుంది.

నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బ్రికర్ పద్ధతిలో పీడనం ఎందుకు పెరగదు?
2. గుట్‌మన్, లాపిడెస్ పద్ధతుల మధ్య తేడాలేమిటి?
3. డయాలిసిస్ రోగి మూత్రాశయం చిన్నదిగా కనిపించినంత మాత్రాన శస్త్రచికిత్స అవసరమని ఎందుకు అనలేం?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. "అనుభవం లేకపోవడం అనర్హతకు కారణమైంది, అనర్హత అనుభవం లేకుండా చేసింది." మూత్రపిండ మార్పిడి చరిత్ర ఆధారంగా చర్చించండి.
2. మీ ప్రాంతంలోని ఒక పాఠశాలలో గొట్టం వేసుకునే విద్యార్థికి ఏ వసతులు అవసరమో పరిశీలించి, ఈ పాఠంలోని అంశాలతో అన్వయించి రాయండి.